పడుగు మీదున్న మగ్గం

ఆదోని కోర్టు నుంచి ఎమ్మిగనూరు కోర్టుకు నన్ను బదిలీ చేసింది కరోనా సద్దుమణిగిన మరుసటి వేసవిలో. రిటైర్మెంటుకు అప్పటికి రెండేళ్లు కూడా లేవు. హోదా అమీనా. తీర్పు చెప్పేది జడ్జిగారు. ఆ తీర్పు ప్రకారం వస్తువునో స్థలాన్నో గెలిచినవాళ్ల చేతికి అప్పగించేది అమీనా. మా పైన నాజరు ఉంటాడు. వారంటు ఆయన చేతి మీదుగా వస్తుంది. అమలు చేశాక అక్కడ జరిగిందంతా రాసి మళ్లీ ఆయనకే ఇవ్వాలి. ఆ రాతను రిటర్ను అంటాం. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని కక్షిదారులు మమ్మల్ని దెప్పేవాళ్లు. వాళ్లను తప్పుపట్టను. కానీ వారంటు చేతికొచ్చిన రాత్రి ఆ పూజారికి నిద్ర పట్టదన్న సంగతి వాళ్లకు తెలియదు. నాకు మాత్రం సర్వీసు మొత్తంలో ఒక్కసారి కూడా పట్టలేదు.

అక్కడ నాకు వచ్చిన మొదటి పెద్ద వారంటు ఒక చిన్న ప్రైవేటు లిమిటెడ్ కంపెనీ మీద. ఆదోని రోడ్డులో వాళ్లకో నేత షెడ్డు ఉండేది. షెడ్డు పెట్టిన కొత్తలో కొందరు నేతగాళ్ల చేత సొంత మగ్గాలే తెప్పించి, మగ్గం మీది, నూలు మాది, నేసినదానికి కూలి ఇస్తాం అన్నారు. పార్వతమ్మ, ఆమె భర్త నాగప్ప అలాగే తమ మగ్గం తెచ్చి అక్కడ నిలబెట్టారు. కూలి దగ్గర మాట తేడా వచ్చి వాళ్లు బయటికి వచ్చేసినప్పుడు, మగ్గానికి మేం మరమ్మతులు చేయించాం కాబట్టి అది మాదే అని కంపెనీ అడ్డం తిరిగింది. పార్వతమ్మ దావా వేసింది. మగ్గం ఆమెదేనని, దాన్ని అచ్చుతో సహా తిరిగి ఇవ్వాలని కోర్టు డిక్రీ ఇచ్చింది. కంపెనీ ఇవ్వకపోయేసరికి ఆమె అమలు పిటిషన్ వేసింది. అప్పుడు ఆ వారంటు నా దగ్గరికి వచ్చింది.

అచ్చు అంటే చెప్పాలి. పడుగు పోగులన్నీ, అంటే మగ్గం మీద నిలువుగా బిగించిన దారాలన్నీ, వరస తప్పకుండా దూరి వచ్చే దువ్వెనలాంటి చట్రం, దాని వెనుక పోగులను పైకీ కిందికీ ఆడించే దారపు ఉచ్చులు, ఈ రెండూ కలిపి నేతగాళ్లు అచ్చు అంటారు. మగ్గం చెక్కలు వడ్రంగి చేస్తాడు. అచ్చు కట్టడం వేరే పని, అది తెలిసినవాళ్లు ఇప్పుడు తక్కువ. అందుకే పార్వతమ్మ లాయరు డిక్రీలో దాన్ని విడిగా రాయించాడు.

లిమిటెడ్ కంపెనీ మీద వారంటు అంటే మా వృత్తిలో ఎవరూ ఇష్టపడరు. మనిషి మీదైతే మనిషి ఎదురుగా ఉంటాడు. తిడతాడు, ఏడుస్తాడు, చివరికి దారికొస్తాడు. కంపెనీ అంటే చట్టం దృష్టిలో వేరే వ్యక్తి, డైరెక్టర్లు వేరు. కంపెనీ ఇవ్వాల్సినదాని కోసం డైరెక్టరు ఇంట్లో చెంచా కూడా ముట్టుకోకూడదు. ఈ కంపెనీ డైరెక్టర్లు ఆదోనిలో పత్తి వ్యాపారం చేసుకునే అన్నదమ్ములు. నేను వాళ్ల మొహం ఒక్కసారి కూడా చూడలేదు. పైగా షెడ్డు మూసేస్తున్నారని, మగ్గాలన్నీ బళ్లారి వైపు అమ్మేస్తున్నారని ఊళ్లో చెప్పుకుంటున్నారు. అదే జరిగితే డిక్రీ చేతిలో ఉంటుంది, మగ్గం ఏ ఊళ్లో ఉందో ఎవరికీ తెలియదు.

నేను పొద్దున్నే బయలుదేరాను. పార్వతమ్మ, నాగప్ప ఒక ట్రాలీ ఆటో మాట్లాడుకుని షెడ్డు దగ్గరికి వచ్చారు. పక్కనున్న టీ కొట్టు నుంచి ఇద్దరిని పంచులుగా, అంటే సాక్షులుగా పిలిచాను. పోలీసు సాయం లేదు. దానికి వేరే పిటిషన్ వేయాలి, అడ్డగింపు జరిగిందని ముందు నేను రాసివ్వాలి. కాబట్టి నా దగ్గరున్నది వారంటు, సంచి, అరవైకి దగ్గరపడిన ఒళ్లు.

గేటు మీద కొత్త బోర్డు. వేరే పేరు. రంగు ఇంకా ఆరలేదు. మేనేజరు నన్ను దాని కిందే నిలబెట్టి మాట్లాడాడు.

"ఆ కంపెనీ ఈడ లేదు సార్. బోర్డు సూడండి. మీరు దావా ఏసింది వాళ్ల మీద, మేం వేరే."

ఇది పాత ఎత్తే. వారంటులో షెడ్డు డోరు నంబరు, నాలుగు దిక్కుల సరిహద్దులు ఉన్నాయి. మీరు వేరే కంపెనీ అయితే, మగ్గం మీదే అయితే, కోర్టుకు వచ్చి క్లెయిము వేసుకోండి, నేను మాత్రం ఈ నాలుగు హద్దుల మధ్య ఉన్న ఈ మగ్గాన్ని అప్పగించే పోతాను అని చెప్పి లోపలికి నడిచాను. గొంతు గట్టిగానే వచ్చింది.

పార్వతమ్మ మగ్గాల మధ్య ఒక్క క్షణం కూడా వెతకలేదు. నేరుగా కిటికీ పక్కనున్న మగ్గం దగ్గరికి వెళ్లి ఆగిపోయింది. దాని మీద ఒక మనిషి కూర్చుని దుప్పటి నేస్తున్నాడు. పేరు ఈరన్న, కౌతాళం వైపు నుంచి వచ్చి ఇక్కడ కూలికి నేస్తున్నాడు. మగ్గం నిండా పడుగు ఉంది. పక్క మగ్గం వట్టిగా ఉంది. దానికి అచ్చు కూడా లేదు.

నేను వారంటు సంగతి చెప్పగానే ఈరన్న చేతిలోని నాడె, పేక దారాన్ని అటూ ఇటూ మోసే చిన్న పడవలాంటి చెక్క, ఆగింది.

"నాకేం తెల్దు సార్. ఈ పక్క మగ్గం మీద నేస్తాంటి. మొన్న దాని అచ్చు ఇప్పేసి ఈడ కూసోమన్నారు, కొత్త పడుగు ఎక్కించినారు. కూసుంటి."

మేనేజరు నవ్వు దాచుకోలేదు. అప్పుడు నాకు అర్థమైంది. నేతవాళ్లలో పడుగు మీదున్న మగ్గాన్ని ఎవరూ కదిలించరు. ఎంత తగాదా ఉన్నా పడుగు అయిపోయేదాకా ఆగుతారు. నడుమ కోస్తే పోగులు చెదిరి చిక్కుపడతాయి, నూలు పాడవుతుంది, ఆ నష్టం నేసేవాడి కూలిలో కోస్తారు. పైగా మనిషి అన్నం తింటుంటే విస్తరి లాగినట్టు అని వాళ్ల భావన. వారంటు వస్తుందని తెలిసి, సరిగ్గా ఆ మగ్గం మీదే కొత్త పడుగు ఎక్కించారు. తాళం వేసి ఉంటే తాళం పగలగొట్టే ఉత్తర్వు తెచ్చుకునేవాణ్ణి. ఈ తాళానికి ఉత్తర్వు ఉన్నా చెయ్యి వేసే నేతగాడు దొరకడు.

చట్టం ప్రకారం నా పని సులువు. పడుగు కోయించి మగ్గం అప్పగించవచ్చు. పడుగు నష్టం కంపెనీ, ఈరన్న చూసుకుంటారు. అదే పార్వతమ్మకు చెప్పాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

"పడుగు కొయ్యొద్దు సార్. ఆయప్ప ఏం జేసినాడు? మా మగ్గం కోసం ఇంకొకరి పడుగు కోసినారంటే మా ఈదిలో నేను తలెత్తుకోలేను."

అయితే పడుగు అయిపోయేదాకా ఆగుదామా అంటే, మేనేజరు అప్పటికే ఫోన్లో ఉన్నాడు. మాకు వినబడేటట్టే మాట్లాడుతున్నాడు. వాళ్ల లాయరు ఆదోనిలో పై కోర్టులో స్టే కోసం పిటిషన్ వేశాడట. మధ్యాహ్నానికి ఉత్తర్వు వస్తుందట. స్టే వస్తే నేను మగ్గం మీద చెయ్యి వేయకూడదు. వాయిదాలు తెమిలేలోగా ఈ షెడ్డు ఖాళీ అయిపోతుంది. ఆ సంగతి నాకు తెలుసు, మేనేజరుకు తెలుసు, పార్వతమ్మ మొహం చూస్తే ఆమెకూ తెలిసినట్టే ఉంది. నేను గేటు వైపు చూస్తూ నిలబడ్డాను. బయట బండి చప్పుడైన ప్రతిసారీ ఉత్తర్వు తెచ్చారేమోనని తొంగి చూశాను.

పార్వతమ్మ మగ్గం చుట్టూ తిరిగి చూసింది. అచ్చు మీద చెయ్యి పెట్టింది. తర్వాత నాగప్పను పక్కకు పిలిచి ఏదో చెప్పింది. నాగప్ప ఒద్దు ఒద్దంటున్నాడు. ఆమె వినలేదు. వచ్చి నాతో చెప్పింది.

"అచ్చు ఇడిచిపెడతా సార్. పడుగు అచ్చులో ఉన్నట్టే లేపి, పక్క మగ్గానికి మార్చుకోనీ. పోగు గూడా తెగదు. మాకు మగ్గం ఇప్పియ్యండి సాలు."

నాకు ముందు అర్థం కాలేదు. ఈరన్నకు అయింది. పడుగు చుట్టిన కర్ర, అచ్చు, నేసిన దుప్పటి, మూడింటినీ కలిపి అలాగే ఎత్తి పక్కనున్న వట్టి మగ్గంలో కూర్చోబెట్టవచ్చు. పడుగు బతుకుతుంది. మగ్గం ఖాళీ అవుతుంది. కాకపోతే అచ్చు అక్కడే ఉండిపోతుంది, డిక్రీలో విడిగా రాయించుకున్న అచ్చు.

నేను ఆమెకు ఉన్నది ఉన్నట్టు చెప్పాను. అచ్చు ఈ రోజు వదిలి వెళితే మళ్లీ చేతికి వస్తుందని హామీ లేదు. ఆమె తెలుసు అన్నట్టు చెయ్యి ఊపింది. అప్పుడు నా సొంత జాగ్రత్త ఒకటి తీసుకున్నాను. అచ్చు వదులుకుంటున్నానని ఆమె చేత రాయించలేదు. 'ఇతరుల పడుగు దానిలో ఉన్నందున ప్రస్తుతం తీసుకోవడం లేదు, హక్కు వదులుకోలేదు' అని రాసి సంతకం పెట్టించాను. మా పనిలో ఒక్క మాట తేడాతో ఆస్తి పోతుంది.

చెయ్యి సాయం చేయవద్దని మేనేజరు మిగతా నేతగాళ్లకు కేకేసి చెప్పాడు. దాంతో ఎత్తింది నలుగురే: ఈరన్న, పార్వతమ్మ, నాగప్ప, ఆటో డ్రైవరు. పోగులు సడలకుండా, అంగుళం అంగుళం జరుపుతూ మోశారు. పార్వతమ్మ తన మగ్గాన్ని ఒక్కసారి కూడా చూడలేదు, చూపంతా ఈరన్న పడుగు మీదే. పడుగు కుదురుకున్నాక ఈరన్న ఒక్కసారి నాడె ఆడించి చూశాడు. పోగు తెగలేదు.

మగ్గం విప్పి చెక్కలు ఆటోకు ఎక్కించారు. పంచనామా రాసి, మగ్గం ముట్టినట్టు పార్వతమ్మ చేత రసీదు తీసుకుని, పంచుల చేత సంతకాలు పెట్టించాను. కలం మూత పెట్టేలోపు నాజరు ఫోను. స్టే వచ్చిందన్నాడు. ఎంతవరకు అయిందని అడిగాడు.

"మగ్గం అప్పగించాను సార్, రసీదు అయింది. అచ్చు అప్పగించలేదు."

"అచ్చు ముట్టుకోవద్దు. అయినంతవరకు రిటర్ను రాయి."

అదే నిమిషంలో మేనేజరుకూ ఫోను వచ్చింది. పరుగెత్తుకుంటూ వెళ్లి గేటు మూసి గొళ్లెం పెట్టాడు. ఆటో ఇంకా లోపలే ఉంది.

"స్టే వచ్చింది. ఒక్క చెక్క బయటికి పోదు."

అప్పగింత రసీదుతో ముగిసిందని, ఆటోలో ఉన్నది ఇప్పుడు కంపెనీ వద్ద ఉన్న వస్తువు కాదని, ఆమె సొంత ఆస్తి అని, దాన్ని ఆపితే నేరం అవుతుందని చెప్పాను. సరిగ్గానే చెప్పాను. కానీ చట్టం నా వైపు ఉన్నా గొళ్లెం అతని వైపు ఉంది. వారంటులో నా పని అయిపోయింది కాబట్టి గొళ్లెం తీసే అధికారం కూడా నాకు లేదు. సర్వీసులో అంత భయపడ్డ క్షణం నాకు ఇంకొకటి గుర్తు లేదు. ఇంత కష్టపడి, గేటు లోపల పడి ఉన్న చెక్కల కోసం మళ్లీ ఆమె కోర్టుల చుట్టూ తిరగాలా అనిపించింది.

ఈరన్న మగ్గం దిగి వచ్చాడు. తొందర లేకుండా నడిచి మేనేజరు పక్కనుంచే వెళ్లి గొళ్లెం తీశాడు.

"పోనీ అన్నా. నా పడుగు నాకుంది. ఆయమ్మ మగ్గం ఆయమ్మ తీసకపోతాంది."

మేనేజరు అతని వైపు, తర్వాత షెడ్డు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డ మిగతా నేతగాళ్ల వైపు చూశాడు. చెయ్యి అడ్డం పెట్టలేదు. ఆటో బయటికి వెళ్లింది. నేను టీ కొట్టు బల్ల మీద కూర్చుని సంచిలోంచి కాగితాలు తీశాను.

రిటర్నులో 'పాక్షికంగా అమలు' అని రాశాను. ఈరన్న ఆ పడుగు పూర్తి చేసి కూలి తీసుకున్నాడని, ఆ తర్వాత అతన్ని పనిలోకి రానివ్వలేదని పంచుల్లో ఒకరు చెప్పారు. కొంతకాలానికి షెడ్డు ఖాళీ అయింది. మగ్గాలతో పాటు అచ్చు కూడా ఎటో పోయింది. స్టే పిటిషన్ మీద వాదించడానికి కంపెనీ తరఫున ఎవరూ రాకపోతే అది కొట్టేశారు. అచ్చు కోసం మళ్లీ వారంటు తీసుకోవచ్చని తన లాయరు చెబితే, ఎవరి మీద తీసుకోవాలని పార్వతమ్మ అడిగిందట.

రిటైరయ్యే ముందు ఒకసారి ఎమ్మిగనూరు బజారులో ఆమె కనబడింది. కొత్త అచ్చు కట్టించుకున్నామని, మగ్గం ఆడుతోందని చెప్పింది. ఆ రోజు అచ్చు పోయినందుకు బాధ లేదా అని అడిగాను.

"ఎందుకుండదు సార్? ఉంది. దాని ఖర్సు ఇంకా తీరలేదు."



ఆ వారంటు నాకు నేర్పింది ఇది. కోర్టులో గెలిచినది డిక్రీలో రాసి ఉంటుంది. చేతికొచ్చేది మాత్రం ఆ పూట గేటు దాటినదే. దాన్ని దాటించడానికి గెలిచినవాళ్లు ఎంతో కొంత లోపల వదిలి రావాల్సి ఉంటుంది. ఏది వదలాలో నిర్ణయించే అధికారం అమీనాకు లేదు. వాళ్లు నిర్ణయించుకున్నదాన్ని, తర్వాత వాళ్లకే ఎదురు తిరగకుండా, సరిగ్గా రాసిపెట్టడమే అతని పని.