బొట్టు పెట్టిన ఫ్రిజ్

ఆదాయపు పన్ను కేసుల పరిశీలన ఆన్‌లైన్‌కు మారకముందు, నా సర్వీసు చివరి సంవత్సరాల్లో, నన్ను ఇన్‌స్పెక్టరుగా ఖరగ్‌పూర్‌లో వేశారు. ఇన్‌స్పెక్టరు పన్ను వెయ్యడు. వెళ్లి చూసి, చూసింది రాసి ఆఫీసరుకు ఇస్తాడు. చాలాసార్లు ఆ రాతతోనే కేసు తేలిపోతుంది.

సుభాష్‌పల్లిలో ఇంట్లోనే దోసెల పిండి రుబ్బి గోల్‌బజార్ కొట్లకు వేసే సరసమ్మ రిటర్ను మా ఆఫీసరు దగ్గర ఆగింది. ఆయన బెంగాలీ, మహా పట్టుదల మనిషి. గ్రైండరు, ఫ్రిజ్, స్కూటరు, మూడింటి ఖర్చూ ఆమె వ్యాపారం కింద చూపించింది. అచ్చంగా వ్యాపారానికి పెట్టిన ఖర్చునే ఆదాయంలోంచి తీసెయ్యనిస్తారు, సొంత వాడకానిది కుదరదు. ఇంట్లో ఉన్న ఫ్రిజ్ ఇంటిది కాదంటే ఎవరు నమ్ముతారని ఆయన వాదన. మూడూ కొట్టేసి జరిమానా వేస్తానన్నాడు. వెళ్లి చూడమని నన్ను పంపాడు.

"జరిమానా కడితే కడతాను బాబూ. దొంగలెక్క రాసిందంటే బజార్లో నా పిండి ఎవులు తీసుకుంతారు?" అంది సరసమ్మ, నేను గుమ్మంలో ఉండగానే.

వంటింట్లో రెండు ఫ్రిజ్‌లు పక్కపక్కనే ఉన్నాయి. ఒకదానికే కుంకుమ బొట్టు. అదేమిటని అడిగాను.

"బొట్టున్నది యాపారానిది. మా మావగోరు రైల్వే వర్క్‌షాపులో పనిసేసినారు. విశ్వకర్మ పూజకి కూడెట్టే పనిముట్టుకే బొట్టెట్టాలనీవోరు."

ఫోనులో ఏటేటా తీసుకున్న పూజ ఫొటోలు చూపించింది. ప్రతిదాంట్లో గ్రైండరు, ఆ ఫ్రిజ్. ఇంటి ఫ్రిజ్ ఒక్కదాంట్లోనూ లేదు. నాకు ప్రాణం లేచొచ్చింది. అంతలో గమనించాను, స్కూటరూ లేదు.

"దానిమీద మా ఆయన డూటీకెల్తాడు. సగమే యాపారం. సగం పనికి బొట్టేటి బాబూ? రిటర్ను రాసినాయనకీ సగమనే సెప్పినాను!"

రిటర్ను రాసినాయన స్కూటరు మొత్తం వ్యాపారం కిందే రాసేశాడని చెబితే మండిపడింది. ఆ సగం తీసెయ్యమని తనే కాగితం రాసిచ్చింది.

ఫొటోలు, ఆ కాగితం జతచేసి ఉన్నదున్నట్టు రాశాను. రెండు విధాలా వాడే వస్తువుకు వ్యాపారం వాటా మేరకు ఖర్చు ఇవ్వొచ్చని చట్టంలోనే ఉంది. ఆఫీసరు ఫొటోలన్నీ ఒకటికి రెండుసార్లు చూసి "ఠీక్ ఆఛే" అన్నాడు. స్కూటరులో సగం తప్ప అంతా ఒప్పుకున్నాడు. జరిమానా ఊసే లేదు. ఆ సాయంత్రం ఆఫీసు మెట్లు నేనే ఏదో గెలిచినట్టు దిగాను.

మరుసటి ఏడు పూజకు సరసమ్మ కబురు పెట్టింది. వెళ్లి చూస్తే గ్రైండరు, ఫ్రిజ్‌ల వరసలో పిండి మొయ్యడానికే కొన్న కొత్త స్కూటరు, ముందు భాగాన పెద్ద బొట్టు. దాని తాళం మొగుడికి ఇవ్వలేదట.

ఖర్చు సొంతానిదా వ్యాపారానిదా అన్నది రిటర్ను రాసేనాడు తేల్చుకునేది కాదు, వస్తువు ఇంట్లోకి వచ్చిన రోజే తేలిపోవాలి. మాకు చూపించడానికి కాక తనకోసం పెట్టుకున్న గుర్తుకు మించిన సాక్ష్యం నా సర్వీసులో నాకు దొరకలేదు.