ముని గుర్రుమన్న రోజు

మా బాబాయి ఊళ్లో వాళ్ల ఇళ్ల తాళాలు తీసి బతుకుతాడు. ఇలా చెప్తే పిన్నికి ఒళ్లు మండుతుంది. "మారు తాళంచెవులు చేస్తారని చెప్పవే! కన్నాలు వేస్తున్నట్టు చెప్తావేంటి?" అంటుంది. సరే, మారు తాళంచెవులు చేస్తాడు. మేడమెట్ల కింద ఒక్క మనిషి పట్టే షాపు, గోడ నిండా మేకులకు వేలాడే కోయని తాళంచెవులు, బల్లమీద రకరకాల ఆకురాళ్లు, ఇనప రజను అంటిన ఒక స్టూలు. తాళంచెవి పోగొట్టుకుని గుమ్మం బయట నిలబడ్డవాళ్లు పిలిస్తే, సంచీ భుజాన వేసుకుని వెళ్లి తలుపు తీసి వస్తాడు.

అలా వెళ్లినప్పుడు ఆయనకొక అలవాటు. తాళం మీద చెయ్యి వేసే ముందు తలుపును వేలి కణుపుతో రెండుసార్లు తడతాడు. తట్టి ఆగుతాడు. ఇంటివాళ్లు పక్కనే నిలబడి "లోపల ఎవరూ లేరండీ బాబూ, ఉంటే మిమ్మల్నెందుకు పిలుస్తాం?" అని నవ్వినా సరే, తట్టందే తియ్యడు. వయసులో ఉన్నప్పుడు ఒకసారి ఎవరూ లేరన్న ఇల్లు తెరిచాడట. ఊరెళ్లిందనుకున్న పెద్దావిడ లోపల పడుకుని ఉంది. దొంగ వచ్చాడనుకుని, అరవడానికి గొంతు రాక, గోడకు అతుక్కుపోయి చూసింది. "ఆ కళ్లు ఇప్పటికీ కనిపిస్తాయమ్మా" అంటాడు బాబాయి. అంతకుమించి చెప్పడు. మాటల విషయంలో ఆయన పరమ పిసినారి.

ఆయనకు తక్కువైన మాటలన్నీ దేవుడు తెచ్చి పిన్ని నోట్లో పోశాడు. పిన్ని మనసు వెన్న, కాదనను. కానీ ఆ చేతులున్నాయే, అవి ఊరుకోవు. కనిపించినవాళ్ల బుగ్గ పిండాలి, వీపు చరచాలి, తల నిమరాలి. నేను కొరియర్ ఆఫీసులో రోజంతా ఫోన్లో జనం చేత తిట్లు తిని వచ్చి, నా గది తలుపు వేసుకుని ఒక్క క్షణం కళ్లు మూసుకుంటానా, ధడేలుమని తలుపు తోసుకొచ్చి "పడుకున్నావేంటే?" అని లేపి మరీ అడుగుతుంది. ఈ ఇంటికి వచ్చినప్పట్నుంచీ ఈ విషయం మీద నేను గొడవ పడుతూనే ఉన్నాను. గోడకు చెప్పుకున్నా ఒకటే.

అలాంటి ఇంటికి ముని వచ్చాడు.

ముని అంటే కుక్క. గోధుమరంగు ఒళ్లు, ఒక చెవి నిలబడి, ఒక చెవి వాలి ఉంటుంది. బాబాయి షాపు ఎదుటి మేడలో ఉండే రిటైరైన డ్రిల్లు మాస్టారు, కుక్కల్ని రానివ్వని ఫ్లాటుకు మారుతూ, "దీన్ని మీరు ఉంచుకోండి, మీకైతే ఇవ్వొచ్చు" అన్నాడు. బాబాయి కాదనలేదు. కాదనడం ఆయనకెప్పుడూ రాలేదు. నిజం చెప్పాలంటే, రోజూ షాపు ముందు వచ్చి కూర్చునే ఆ కుక్కంటే ఆయనకు అప్పటికే ప్రాణం.

"ఎంత మంచి పెంపకమో తెలుసా?" అన్నాడు మాస్టారు మీసం సవరించుకుంటూ. "చిన్నప్పుడు గుర్రుమనేది. గుర్రుమన్నప్పుడల్లా మూతిమీద ఒక్కటిచ్చేవాణ్ణి. ఇప్పుడు చూడండి, తోక లాగినా నోరెత్తదు!"

మేము కూడా ఆహా ఓహో అన్నాం. నోరెత్తడు కాబట్టి పిన్నే ముని అని పేరు పెట్టింది. ఇక ఆ మునిని ముద్దుచేయడమే ముద్దుచేయడం. తింటుంటే నిమిరేది, పడుకుంటే మీద పడి కావలించుకునేది. ముని మాత్రం మూతి నాక్కునేవాడు. మొహం పక్కకు తిప్పుకునేవాడు. నిద్ర రాకపోయినా ఆవలించేవాడు. "చూడవే, ఎంత సిగ్గో వీడికి!" అని పిన్ని మురిసిపోయేది. సిగ్గూ కాదు, పాడూ కాదు. వాడు వద్దంటున్నాడు. మాకెవరికీ ఆ భాష రాదు.

మొరిగే కుక్క కరవదని సామెత చెప్పిన మహానుభావుడు, మరి నోరు నొక్కేసిన కుక్క ఏం చేస్తుందో కూడా ఒక ముక్క చెప్పి పోవాల్సింది. ఒక మధ్యాహ్నం వెనక వరండాలో ముని గాఢంగా నిద్రపోతున్నాడు. పిన్ని వెళ్లి "నా బంగారు కొండ!" అని వాటేసుకుంది. మొరుగు లేదు, గుర్రు లేదు. అరచేతిలో పళ్లు కస్సుమని దిగాయి.

పిన్ని కేక వీధి చివరి దాకా వినిపించి ఉంటుంది. నేను కుళాయి కింద చెయ్యి పెట్టించి, సబ్బుతో బాగా కడిగి, ఆసుపత్రికి తీసుకెళ్లాను. కుట్లు పడ్డాయి, సూదులు పడ్డాయి. తిరిగొచ్చేసరికి బాబాయి వరండాలో దూరంగా కింద కూర్చుని ఉన్నాడు. ముని మూలకు నక్కి, కనుగుడ్ల తెలుపంతా కనిపించేలా చూస్తున్నాడు. "అవే కళ్లమ్మా" అన్నాడు బాబాయి నాతో.

పిన్ని కట్టు కట్టిన చెయ్యి ఎత్తి మరీ తీర్పు చెప్పింది. "నెలాఖరుకి పిల్ల వస్తోంది. చంటిది పాకుతోందట. చెప్పాపెట్టకుండా కరిచే కుక్క ఉన్న ఇంట్లో చంటిదాన్ని దింపుతానా? ఊరి చివర గోడౌను వాచ్‌మన్ కుక్క కావాలంటున్నాడు. ఇచ్చేద్దాం."

పిల్ల అంటే వాళ్లమ్మాయి, నాకు అక్క. ఇక ఆ గోడౌను సంగతి మాకందరికీ తెలుసు. అక్కడ కుక్కను పగలూ రాత్రీ గేటు పక్కన గొలుసుతో కట్టేస్తారు. పిన్ని అన్న మాటలో తప్పేం లేదు. పసిపిల్ల మొహం ముందు ఎవరి ప్రేమలైనా ఏం లెక్క? కానీ బాబాయి మొహం నేను చూడలేకపోయాను. "పాప వచ్చేదాకా ఆగుదాం. అప్పటికీ నీకు నమ్మకం కుదరకపోతే నేనే తీసుకెళ్లి ఇచ్చేస్తా" అన్నాడు. పెళ్లయ్యాక ఆయన పిన్నిని అడిగిన మొదటి కోరిక అదేననుకుంటాను. పిన్ని కూడా ఒక్కక్షణం తెల్లబోయి, "సరే, చూద్దాం" అంది.

పశువుల డాక్టరమ్మ ముందు మునికి ఎక్కడైనా నొప్పి ఉందేమోనని చెవులూ పళ్లూ కీళ్లూ అన్నీ చూసింది. ఏమీ లేదు. డ్రిల్లు మాస్టారి పెంపకం గురించి విని తల పట్టుకుంది. "గుర్రుమంటే కోపమనుకుంటారండీ అందరూ. అది హెచ్చరిక. దగ్గరికి రావద్దు, భయంగా ఉందని చెప్పడం. చెప్పినప్పుడల్లా కొడితే చెప్పడం మానేస్తుంది. భయం మాత్రం పోదు."

"మళ్లీ చెప్పడం వస్తుందాండీ?" అని అడిగాడు బాబాయి.

"మాటివ్వలేను. మూతి నాక్కోవడం, మొహం తిప్పుకోవడం, ఇవన్నీ దాని చిన్న చిన్న మాటలే. వాటిని వింటూ ఉంటే పెద్ద మాట రావచ్చు. పసిపిల్లతో మాత్రం ఎప్పుడూ ఒంటరిగా వదలొద్దు. మధ్యలో అడ్డం ఉండాల్సిందే."

మర్నాడే బాబాయి వరండాకీ హాలుకీ మధ్య ఊచల తలుపు ఒకటి బిగించి, గడియ పెట్టాడు. మునికి వరండా మూలలో బల్ల కింద పక్క వేశాడు. అది వాడి ఇల్లు, అక్కడ ఉన్నప్పుడు ఎవరూ వాణ్ణి ముట్టుకోకూడదు. ఇక ఆయన సంగతా, షాపు నుంచి రాగానే ఊచల తలుపు అవతల కింద కూర్చుని, నేలమీద వేలి కణుపుతో రెండుసార్లు తట్టేవాడు. తట్టి ఆగేవాడు. ముని మొహం తిప్పుకుంటే "సరే, తర్వాత వస్తా" అని లేచిపోయేవాడు. వాడే లేచి తోక ఊపుతూ వస్తే, గడ్డం కింద కాస్త గోకి చెయ్యి తీసేసేవాడు. ఇంకా కావాలంటే వాడే మూతితో ఆ చెయ్యి పొడిచి అడగాలి.

"కుక్కకి కూడా అపాయింట్‌మెంటు తీసుకోవాలా? ఇంకా నయం, విజిటింగ్ కార్డు పంపించలేదు!" అని పిన్ని వంటింట్లోంచి సాధించేది.

పొద్దున్నే బయటికి తీసుకెళ్లడం కూడా మారింది. ముని ఎక్కడ ఆగితే అక్కడ ఆగాలి. ప్రతి గోడా, ప్రతి స్తంభం, ప్రతి తూమూ వాసన చూసేదాకా బాబాయి తాడు లాగకుండా నిలబడేవాడు. "కన్నాల్లో తల పెట్టే వృత్తి కదా ఇద్దరిదీ, బాగా కుదిరింది" అనేది పిన్ని. అంటూనే మునికి నీళ్లగిన్నె కడిగి నింపేది. కోపం కోపమే, గిన్నె గిన్నే.

మెల్లగా ముని బెరుకు తగ్గింది. నేలమీద పొర్లాడటం, బాబాయి సంచీ తాడు నోటకరుచుకుని పరుగెత్తడం మొదలుపెట్టాడు. ఒకరోజు పిన్ని అలవాటు కొద్దీ వాడి తల నిమరడానికి వంగింది. ముని మూతి నాక్కున్నాడు. పిన్ని చెయ్యి సగంలో ఆగిపోయింది. "అబ్బో, ఏం గర్వం నాయనా! నేను మాత్రం నీ వెంట పడతాననుకున్నావా?" అని చెయ్యి వెనక్కి తీసుకుని, నేను చూశానేమోనని అటూ ఇటూ చూసింది. నేను చూడనట్టు నటించాను. బతికి బట్టకట్టాలి కదా.

కానీ గుర్రు మాత్రం రాలేదు. నెలాఖరు వచ్చేసింది. అక్క వచ్చింది, చంటిదాన్ని చంకనేసుకుని. పిన్ని చేతిమీద మచ్చ చూసింది, ఊచల తలుపు చూసింది, బ్యాగు కూడా కింద పెట్టకుండా "నాన్నా, నీకు మనవరాలు కావాలా, కుక్క కావాలా?" అంది. ఏం అడగడం అది! బాబాయి ఏం చెప్తాడు? పిన్ని వైపు చూశాడు. "నాకింకా ధైర్యం చాలట్లేదండీ" అంది పిన్ని మెల్లగా. మెల్లగా మాట్లాడిన పిన్నిని నేను అప్పుడే చూశాను. ఆదివారం రమ్మని వాచ్‌మన్‌కు కబురు వెళ్లింది.

ఆదివారం పొద్దున బాబాయి మునిని ఎప్పటికంటే ఎక్కువసేపు తిప్పాడు. వచ్చాక వాడి గిన్నె, దుప్పటి, నమిలి నమిలి పీలికలైన సంచీ తాడు ఒక మూట కట్టి గుమ్మం పక్కన పెట్టాడు. నాకు ఏడుపొచ్చింది. ఎవరిమీద కోపగించుకోవాలో తెలియక అందరిమీదా కోపగించుకున్నాను.

తిరిగి తిరిగి అలసిపోయిన ముని, బల్ల కింద దుప్పటి లేకపోవడంతో ఊచల తలుపుకు ఆనుకుని పడుకుని నిద్రపోయాడు. మేమందరం హాల్లోనే ఉన్నాం. అయినా చంటిపిల్లలు పాకే వేగం ఎవరికి అందుతుంది? మా కళ్లముందే బరబరా పాకి వెళ్లి, ఊచల మధ్యనుంచి చెయ్యి దూర్చి, వాడి వీపుమీద బొచ్చు గుప్పిట పట్టేసింది.

ముని ఉలిక్కిపడి కళ్లు తెరిచాడు. ఒళ్లంతా బిగుసుకుంది. అప్పుడు వాడి గొంతులోంచి ఒక చప్పుడు వచ్చింది. తుప్పు పట్టిన తాళంలో చెవి బలవంతంగా తిరిగినట్టు, గర్రుమని. ఆగి, మళ్లీ ఇంకాస్త గట్టిగా, గుర్ర్‌ర్.

పిన్ని ఒక్క ఉదుటున వెళ్లి పాప గుప్పిట విప్పి ఎత్తుకుంది. ముని వెంటనే లేచి, దూరంగా బల్ల కిందకు వెళ్లి పడుకున్నాడు.

"చూశావా నాన్నా! పాప మీదకి ఎలా గుర్రుమంటోందో! ఇంకా ఎందుకది, వెంటనే పంపించెయ్!" అక్క వణికిపోతూ అరుస్తోంది.

"నోరు ముయ్యవే!" అంది పిన్ని.

పాపను చంకలో సర్దుకుని అక్క ముందుకొచ్చి నిలబడింది.

"కరిచాడా? కరవలేదు. చెప్పాడు! వద్దు తల్లీ అని రెండుసార్లు చెప్పాడు. విన్నాం, పాపని తీసుకున్నాం, వాడి దారిన వాడు పోయాడు. ఆ రోజు ఈ ఒక్క ముక్క నోరు తెరిచి చెప్పలేకే కదే నా చెయ్యి కొరికాడు!" పిన్ని మచ్చ పడ్డ చేతిని అక్క మొహం ముందు పెట్టింది. కళ్లవెంట నీళ్లు కారిపోతున్నాయి. "రేపు నీ కూతురికి మొదటి మాట వస్తుంది. మాట వచ్చిన రోజే బిడ్డని ఇంట్లోంచి గెంటేస్తావా?"

బాబాయి కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుస్తూనే ఉన్నాడు. ఎంత తుడిచినా ఆ మసక అద్దాలది కాదు కదా.

సరిగ్గా అప్పుడే గోడౌను వాచ్‌మన్ వచ్చాడు. పాపను చంకనేసుకునే పిన్ని గుమ్మంలోకి వెళ్లి, "మా వాడికి మాటలొచ్చాయి బాబూ, ఎక్కడికీ పంపం" అంది. ఆయన పాపనూ పిన్నినీ మార్చి మార్చి చూసి, "మంచిదమ్మా, సంతోషం" అని వెళ్లిపోయాడు. బాబాయి మూట విప్పి, దుప్పటి తీసుకెళ్లి బల్ల కింద పరిచాడు. తర్వాత పాప చెయ్యి మళ్లీ దూరకుండా ఊచలకు సన్న జల్లెడ వల బిగించడానికి కూర్చున్నాడు. అక్క ఏమీ అనకుండా మేకులు అందించింది.

సాయంత్రం పిన్నీ నేనూ వంటింట్లో గిన్నెలు కడుగుతున్నాం. పాప అక్క దగ్గర గదిలో నిద్రపోతోంది, అందుకని ఊచల తలుపు తీసే ఉంది. ముని మెల్లగా వంటింట్లోకి వచ్చాడు. ఎవరూ పిలవలేదు. వచ్చి పిన్ని వెనక నిలబడి, తలతో ఆమె మోకాలి వెనక రెండుసార్లు పొడిచాడు. పొడిచి ఆగాడు.

పిన్ని చేతులు సబ్బు నురగలో అలాగే ఉండిపోయాయి. వెనక్కి తిరగలేదు. "వీడు తడుతున్నాడే" అంది గుసగుసగా. తర్వాత చిన్నగా "రా నాయనా" అంది.

ముని బరువంతా ఆమె కాళ్లకు ఆనించి, అక్కడే చతికిలబడి, కళ్లు మూసుకున్నాడు.

"కుళాయి కట్టెయ్యవే, చప్పుడవుతుంది" అని నన్ను గదిమింది పిన్ని, ఊపిరి కూడా గట్టిగా పీల్చకుండా. ఆ పూట గిన్నెలన్నీ నేనే కడిగాను.