సీలు వేసిన ఎంగిలి

దయ్యాలున్నాయని నేనెప్పుడూ నమ్మలేదు. ఇప్పుడూ నమ్మను. పదకొండేళ్లుగా అరకులో కంప్యూటర్ల షాపు నడుపుతున్నాను. నాకు భయమంటూ ఉంటే అది కస్టమర్లంటేనే. ప్లగ్గు పెట్టకుండా కంప్యూటర్ పాడైపోయిందని నన్ను ఘాట్ రోడ్డంతా తిప్పినవాళ్లున్నారు. వాళ్లని చూశాక దయ్యాలు ఏపాటి? మా ఆవిడ దిష్టి తీస్తానంటే లేచి బయటికి వెళ్లిపోయే రకం నేను. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, కింద రాసింది చదివి "ఈయన మొదట్నుంచీ అలాంటివాడేలే" అని ఎవరూ అనుకోకూడదని.

సంగతి ఒక గేమింగ్ కంప్యూటర్‌తో మొదలైంది.

పార్వతిది అనంతగిరి పైన కాఫీ తోటల మధ్య ఒక గూడెం. ఇరవై మూడేళ్ల పిల్ల. ఫోన్‌లో తుపాకుల ఆట ఆడుతూ, ఆడుతున్నది ఆడుతున్నట్టే నెట్‌లో లైవ్‌గా చూపిస్తుంది. మధ్య మధ్యలో తోట కబుర్లు, వాన కబుర్లు చెబుతుంది. చూసేవాళ్లు బాగానే ఉన్నారు. కానీ పాపం ఆ ఫోను పావుగంటకే పెనంలా కాలిపోయి, సరిగ్గా గెలిచే ముందు ఆగిపోతుంది. అందుకే ఆటా ఆడాలి, లైవూ వెళ్లాలి, రెండూ మోసే కంప్యూటర్ కావాలని నా దగ్గరకొచ్చింది.

మూడు సీజన్లు కాఫీ పళ్లు కోసి దాచుకున్న డబ్బు అది. వాళ్ల నాన్న అప్పన్న ఒక్కటే మాట అన్నాడట. కొనుక్కో, కానీ ఒక్కసారే. అది నడిస్తే సరే. లేదంటే దసరా దాటాక విశాఖపట్నంలో బట్టల షాపుకి పనికెళ్లాలి. అక్కడ పొద్దుట్నుంచి షట్టరు దించేదాకా నిలబడే ఉండాలని, కూర్చోడానికి స్టూలు కూడా ఉండదని ముందే వెళ్లిన స్నేహితురాలు చెప్పిందట. పార్వతి ఈ సంగతి నాకు ఒక్కసారే చెప్పింది. నాకు మాత్రం ప్రతి పార్టు ఆర్డరు పెట్టేటప్పుడూ ఆ స్టూలు గుర్తొచ్చేది.

ఇక ఆ పార్టుల ఎంపిక. దాని గురించి తలుచుకుంటే ఇప్పటికీ తల వాచిపోతుంది.

మొదటి లిస్టు నేను రాసిచ్చాను. మర్నాడు ఆ పిల్ల ఇంకో లిస్టుతో వచ్చింది. ఎవడో వీడియోలో చెప్పాడట. ఆ మర్నాడు ఇంకోటి. లైవ్ చూసేవాళ్లలో ఒకడు "ఆ మదర్‌బోర్డు వద్దక్కా" అన్నాడట. ఎవడమ్మా వాడు? తెలీదు. ఎక్కడుంటాడు? తెలీదు. కానీ నా పదకొండేళ్ల అనుభవం కన్నా వాడి మాటే గట్టిది. ప్రాసెసర్‌లోనే బొమ్మ చూపించే ఏర్పాటున్న రకం తీసుకో తల్లీ, రేపు గ్రాఫిక్స్ కార్డు పోయినా తెర వెలుగుతుంది అంటే, అది లేని రకం చవక కదా సారూ అంటుంది. చవకే. నేను కాదన్నానా?

గ్రాఫిక్స్ కార్డు దగ్గర నాలుగు రోజులు. ఆట నడుపుతూనే వీడియోని కుదించి నెట్‌లోకి పంపే కార్డు కావాలి, లేకపోతే ఆ బరువంతా ప్రాసెసర్ మీద పడి రెండూ నత్తనడక నడుస్తాయి. ఆ మాట ఒప్పుకుంది. ఒప్పుకున్నాక రంగుల లైట్లున్న ఫ్యాన్లు ఆరు కావాలంది. వాటికోసం కరెంటు ఇచ్చే డబ్బా, మేం ఎస్‌ఎంపీఎస్ అంటాం, అది తక్కువ రకం వేసేయమంది. నాకు ఒళ్లు మండింది. మీ గూడెంలో వానొస్తే ఓల్టేజీ ఎలా ఆడుతుందో నీకు తెలీదా, ఈ డబ్బా చచ్చిందంటే పక్కనున్న వాటినన్నిటినీ తీసుకుపోతుంది అని అరిచాను. షాపులో జిరాక్స్ కోసం నిలబడ్డ టీచరమ్మ ఉలిక్కిపడింది. చివరికి మంచి డబ్బా, ఒక్క లైటు ఫ్యాను దగ్గర రాజీ కుదిరింది. అది పదకొండో లిస్టు.

సామానంతా ఒక సోమవారం విశాఖపట్నం నుంచి బస్సులో వచ్చింది. మొత్తం తొమ్మిది పెట్టెలు. లైటు ఫ్యాను బిగించి ఉన్న క్యాబినెట్, మానిటర్, మదర్‌బోర్డు, ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు, ఎస్‌ఎస్‌డీ, ఎస్‌ఎంపీఎస్, రెండు ర్యాములు. ర్యాములు రెండూ ఒకటే కంపెనీ, ఒకటే సైజు, అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్ద అట్టపెట్టెల్లో. హమ్మయ్య అనుకుని కత్తెర తీశాను.

అప్పుడు అప్పన్న చెయ్యి అడ్డం పెట్టాడు. "తెరవకు సారూ. కొత్త అవ్వలేదు."

కొత్త అంటే ఇక్కడ ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు, బయటివాళ్ల కోసం చెబుతున్నాను. ఈ కొండల్లో కొత్త పంట చేతికొస్తే ముందు ఇంట్లో పోయిన పెద్దలకు పెట్టి, వాళ్ల పేర్లు తలచుకుని, ఆ తర్వాతే తింటారు. మామిడికాయకైనా అంతే, సామలకైనా అంతే. అప్పన్న ఇంట్లో ఈ పట్టింపు మరీ ఎక్కువ. కుట్టుమిషన్ కొన్నా, టీవీ కొన్నా అలాగే చేశారట. మొదటి రుచి పెద్దలది. వాళ్లకన్నా ముందు ఎవరు ముట్టినా అది ఎంగిలి. ఎంగిలి సరుకు ఆ గుమ్మం దాటదు.

సరే, ఇవాళే చేసుకోండి అన్నాను. కుదరదట. రోజులు చూసే దిసారి వచ్చే బుధవారం పెట్టాడట. అంటే తొమ్మిదో రోజు. విశాఖపట్నం షాపువాడేమో ఏడు రోజుల్లోపు పాడని చెబితేనే సరుకు మార్చిస్తాడు. ఆ తర్వాత కంపెనీ వారంటీ. అంటే ఎన్నాళ్లు పడుతుందో ఆ కంపెనీకే తెలీదు.

ఒక గంటసేపు బతిమాలాను. ఇది సామల పంట కాదయ్యా, కరెంటు పెట్టి చూడకపోతే మంచిదో చెడ్డదో తెలీదయ్యా అన్నాను. అప్పన్న చిరాకు పడలేదు, గొంతు పెంచలేదు. "పెట్టెలు నీకాడే ఉంచు సారూ. నీమీద నమ్మకమే" అని జీపెక్కి వెళ్లిపోయాడు. ఆ నమ్మకమేదో నా మీద కాకుండా ఇంకెవరి మీదైనా పెట్టుకోవచ్చు కదా.

మంగళవారం మధ్యాహ్నం వాన. బజారు ఖాళీ. నేను షట్టరు పూర్తిగా దించి, మా ఆవిడ హెయిర్ డ్రయ్యర్‌తో ఒక్కో సీలూ వేడిచేసి, చిరగకుండా ఊడదీశాను. అన్నీ బిగించి స్విచ్ వేశాను. తెర వెలగలేదు. రెండు ర్యాముల్లో ఒకటి చచ్చిపోయి ఉంది. అది తీసేస్తే అంతా బంగారంలా నడిచింది.

గర్వంగానే అనిపించింది. నేను చూడకపోతే ఏమయ్యేది? మళ్లీ అన్నీ పెట్టెల్లో సర్ది, సీళ్లు ఎలా ఉన్నవి అలా అతికించాను. పాడైన ర్యాము సాయంత్రం బస్సుకి వెనక్కి పంపాను. శనివారం బదులు ఇంకోటి వచ్చింది. దానికి ఏడు రోజులు మళ్లీ మొదట్నుంచి లెక్క కాబట్టి తెరవలేదు. అంటే తొమ్మిదింట్లో ఎనిమిది నేను తెరిచినవి, ఒక్కటి తెరవనిది. ఈ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలీదు. మా ఆవిడక్కూడా చెప్పలేదు.

బుధవారం పొద్దున్న జీపులో పెట్టెలు వేసుకుని వెళ్లాను. పదిమందీ పోగయ్యారు. అరుగు మీద అప్పన్న తల్లి సొంబారి కూర్చుంది. ఎనభై దాటుంటాయి. రెండు కళ్లకీ శుక్లాలు, మనిషి అలికిడే తప్ప మొహం ఆనదు. ఇంట్లోకి వెళ్లే కొత్త సరుకు ఆవిడ చేతుల మీదుగా వెళ్లాలట. పెట్టెలు ఒక్కోటే అందించారు.

క్యాబినెట్ పెట్టె తడిమి పక్కకి తోసింది. మానిటర్ తోసింది. మదర్‌బోర్డు తోసింది. దీవెన అలా ఉంటుందేమో అనుకున్నాను. ర్యాముల పెట్టెలు రెండూ రెండు చేతుల్లో పెట్టారు. కాసేపు పట్టుకుని, ఒకటి పక్కకి తోసి, రెండోది ఒళ్లో పెట్టుకుంది. మిగతావి కూడా తోసేసింది.

"ఇదొక్కటే కొత్త," అంది. "అవన్నీ ఎవులో తినేసినారు."

అప్పన్న ఒక పెట్టె తీసి తిప్పి చూశాడు. "సీలుంది కదే అమ్మా!"

"సీలు నాకేటి తెలుసురా. ఎంగిలి."

అందరూ నావైపు చూశారు. ఎవరూ ముట్టలేదు అని అబద్ధం ఆడేశాను. అప్పన్న తల దించుకుని, అమ్మ అలాగన్నాక లోనికి రావు సారూ, పట్టుకెళ్లిపోండి అన్నాడు. పార్వతి ఎనిమిది పెట్టెల్నీ చూస్తూ నిలబడింది. ఏడు రోజులు దాటిపోయాయి, షాపువాడు వెనక్కి తీసుకోడు, ఆ సంగతి ఆ పిల్లకీ తెలుసు.

నాకు ఏడుపొచ్చినంత పనైంది. నేను చేసింది ఆ పిల్ల మంచికే. అయినా ఆ పిల్లని ఆ బట్టల షాపులో నిలబెట్టేది కూడా నేనే అయ్యేలా ఉన్నాను. ఒప్పేసుకున్నాను. షట్టరు, డ్రయ్యర్, చచ్చిన ర్యాము, అన్నీ చెప్పాను.

"ఒక్క మాట సెప్పొచ్చు కదా సారూ," అంది పార్వతి. అంతే అంది. తిట్టినా బాగుండేది.

అప్పన్న మొహం గట్టిపడిపోయింది. అప్పుడు ముసలావిడ చెయ్యి చాపింది. నేను దగ్గరకెళితే నా మణికట్టు పట్టుకుని అటూ ఇటూ తిప్పింది, సంతలో కోడిని చూసినట్టు.

"ముందు తిన్నోడు పెద్దోడే కదరా," అంది కొడుకుతో. "పెద్దల్లో కలిపీండి. అప్పుడు ఎంగిలేటి?"

నన్ను లోపలికి తీసుకెళ్లి పెద్దలకు పెట్టే మూల కూర్చోబెట్టారు. అడ్డాకు వేసి అన్నం, మిరియాల కోడికూర పెట్టారు. అప్పన్న పోయినవాళ్ల పేర్లు ఒక్కోటే చదివాడు. తాత, తాత తమ్ముడు, చిన్నప్పుడే పోయిన మేనత్త. ఆ వరసలో చివర నా పేరు చదివాడు. ఇంటిపేరుతో సహా. నేను పలకాలో వద్దో తెలీక ఊరుకున్నాను.

ఆ తర్వాత తొమ్మిది పెట్టెలూ గుమ్మం దాటాయి. గంటన్నరలో బిగించేశాను. స్విచ్ వేయగానే తెర వెలిగింది, ర్యాములు రెండూ పలికాయి. పార్వతి ఆ మధ్యాహ్నమే లైవ్ పెట్టింది. దసరా వచ్చింది, వెళ్లింది, పార్వతి ఎక్కడికీ వెళ్లలేదు. ఆ కంప్యూటర్ ఇప్పటికీ నాకు ఒక్క రిపేరు కూడా తేలేదు.

ముసలావిడ ఒళ్లో పెట్టుకున్న పెట్టె మీది నంబరు ఆ రోజే ఫోటో తీసుకున్నాను. షాపుకొచ్చి, శనివారం ర్యాముతో వచ్చిన చీటీతో కలిపి చూశాను. అదే నంబరు. రెండు పెట్టెల్లో ఏది ఏదో నిజానికి అప్పటిదాకా నాకే తెలీదు.

వాసనేమో అనుకున్నాను. తెరిచినవీ తెరవనిదీ నాలుగు రోజులు ఒకే బీరువాలో, కర్పూరం పక్కన ఉన్నాయి. సీలు అంచు తగిలిందేమో అనుకున్నాను. అలాంటివే ర్యాము పెట్టెలు రెండు తెచ్చి, ఒకటి తెరిచి అతికించి, కళ్లకు గుడ్డ కట్టుకుని మా ఆవిడ చేత చేతుల్లో పెట్టించుకున్నాను. ఇరవై సార్లు చేస్తే సగానికి సగం తప్పే చెప్పాను. మా ఆవిడ మాత్రం నాకు మతి పోయిందని తేల్చుకుంది. విశాఖపట్నం షాపువాడికి ఈ గూడెం ఉందనే తెలీదు. ముసలావిడకి ఇంకెవరు చెబుతారు?

ఇంతవరకైతే ఒక కథగా చెప్పుకుని ఊరుకునేవాణ్ని. కానీ ఇది అయిపోలేదు. ఆ ఇంట్లో ఏ కొత్త పంట దిగినా జీపు డ్రైవరు అడ్డాకు పొట్లం తెచ్చి నా కౌంటరు మీద పెడుతున్నాడు. మామిడి తెచ్చాడు, సామలు తెచ్చాడు, మొన్న కందికాయలు. బతికున్నవాడికి ఇలా పంపడం ఎక్కడైనా ఉందా అని ఇద్దరు ముగ్గురిని అడిగాను. నవ్వి మాట మార్చేశారు. ముసలావిడనే అడుగుదామంటే, ఆవిడ ఏం జవాబు చెబుతుందోనని వెనక్కి తగ్గుతున్నాను.

పనిలో ఉండి పొట్లం పక్కన పెట్టేస్తే పార్వతి ఫోన్ చేస్తుంది.

"సారూ, బేగి తినండి. మీరు తింటే గానీ మాకు పెట్టదు మామ్మ. ఆకలేస్తంది."

కస్టమర్లు అలా చూస్తూనే ఉంటారు. నేను చేతులు కడుక్కుని తింటాను.