తలుపు తీసినా ఎగిరిపోని చిలుక

నా చిన్నప్పుడు తిరుపతిలో మా ఇంట్లో ఒక చిలుక ఉండేది. పంజరం తలుపు తీసి పెట్టినా అది ఎగిరిపోయేది కాదనీ, స్వామి ప్రసాదం తప్ప ఇంకొకటి ముట్టేది కాదనీ, చిలుకలంటే గిట్టని మా అవ్వ దాన్ని కడుపు మాడ్చి తరిమేసిందనీ మా బంధువుల్లో ఒక కథ ఉంది. మొన్న కాణిపాకంలో మా చిన్నాన్న మనవడికి చెవులు కుట్టించినప్పుడు, పక్క విస్తరి ముందు కూర్చున్న ఒక పిల్లవాడు ఆ కథను నాకే చెప్పాడు. ఆ చిలుకకు అందరికంటే ఎక్కువగా తిండి పెట్టిన చెయ్యి నాది. తన తరఫున మాట్లాడుకోవడానికి అవ్వ ఇప్పుడు లేదు. అందుకని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మా నాయనకు దేవుడి పటాలకు చట్రాలు కట్టే అంగడి ఉండేది. ఇల్లు బస్టాండుకు దగ్గర. చిత్తూరు నుంచి, పలమనేరు నుంచి, సూళ్లూరుపేట నుంచి కొండకు వచ్చే బంధువులందరూ మా ఇంట్లోనే దిగేవాళ్లు. స్నానాలు చేసి కొండెక్కి, దర్శనం చేసుకుని వచ్చి, ఊరికి బయలుదేరే ముందు ఒక లడ్డు మా చేతిలో పెట్టి వెళ్లేవాళ్లు. మా వంటింట్లో లడ్డు డబ్బా ఖాళీ అయిన రోజు నాకు గుర్తు లేదు.

చిలుకను మేము కొనలేదు. గాలివానకు గూటిలోంచి పడిన పిల్లను అమ్మ తెచ్చి, అన్నం మెత్తగా పిసికి పెట్టి బతికించింది. ఇప్పుడైతే చిలుకను ఇంట్లో పెంచుకోవడానికి చట్టం ఒప్పుకోదు. అప్పట్లో అది తప్పని మాకు తెలియదు. వచ్చేపోయే వాళ్ల నోట విని విని అది 'గోవిందా' అనడం నేర్చుకుంది. అన్న ప్రతిసారీ నేను లడ్డులోంచి ఒక బూంది పలుకు తీసి పెట్టేవాణ్ని. బంధువులు జీడిపప్పు పెట్టేవాళ్లు, చక్కెర పొంగలి పెట్టేవాళ్లు, వడ తుంచి పెట్టేవాళ్లు. చిలుక గుండ్రంగా తయారైంది. "బిడ్డ బొద్దుగా ఉండాది" అని అమ్మ మురిసిపోయేది. రొమ్ము మీది ఈకలు పలచబడితే వయసనుకున్నాం. తలుపు తీసినా పోదని బళ్లో నేను చెప్పుకోని రోజు లేదు. నమ్మని వాళ్లను ఇంటికి పిలుచుకొచ్చి మరీ చూపించేవాణ్ని.

మా అవ్వకు, అంటే అమ్మ వాళ్ల అమ్మకు, కాణిపాకం దగ్గర మామిడితోట ఉండేది. తోట పక్కనే కాస్త సజ్జ వేసేది. ఏడాదిలో సగం రోజులు ఆమె పని చిలుకలను తోలడమే. రేకు పళ్లెం ఒకటి పట్టుకుని గరిటెతో మోగిస్తూ గట్ల మీద తిరిగేది. మాకు బిడ్డ అయిన జాతి ఆమెకు దొంగల గుంపు.

ఒక వేసవి మొదట్లో ఆమె కొండకని వచ్చింది. ఇంటి నిండా బంధువులున్నారు. నాయన అలవాటుగా పంజరం చూపించి, "తలుపు తీసే ఉండాది చూడత్తా. పోదు. మనమంటే అంత ప్రేమ దానికి" అన్నాడు.

"ప్రేమనా? ఇన్నేండ్లు నా తోట తిన్న వాటికే నా మీద ప్రేమ లేదు గదప్పా, బూంది తిన్నదానికి మీ మీద వచ్చేసినాదా!" అంది అవ్వ. అందరూ నవ్వారు. "ఉండు, సూస్తాం" అంటూ ఆమె చిలుకను తీసి పెరట్లో తొట్టి గోడ మీద కూర్చోబెట్టింది. వంటింట్లోంచి పళ్లెం తెప్పించి, తోటలో కొట్టినట్టు దాని వెనక గట్టిగా మోగించింది.

చిలుక రెక్కలు విప్పింది. గాల్లోకి దూకింది. పిండిన తడిబట్ట చేతిలోంచి జారినట్టు నేరుగా బండ మీద పడింది.

అది ముక్కు తెరిచి రొప్పుతోంది. ఒళ్లంతా ఎగిరెగిరి పడుతోంది. పళ్లెం పక్కన పడేసి అవ్వ దాన్ని దోసిట్లోకి తీసుకుంది. ఆమె ముఖంలో అంతకుముందున్న వేళాకోళం లేదు. పొట్ట మీది ఈకల్ని నోటితో ఊదింది. చర్మం కింద పచ్చగా, మందంగా కొవ్వు పేరుకుని ఉంది.

"సూడుమే," అంది అమ్మతో, మెల్లగా. "ఇది పోకుండా ఉండేది కాదు. పోలేక ఉండాది. ఇట్లే పెడితే ఇంగ ఎన్నాళ్లో బతకదు."

బళ్లో నేను చెప్పుకున్నవన్నీ నా చెవుల్లో మళ్లీ వినబడ్డాయి. మేము ప్రేమ అని చూపించుకున్నది దాని రోగం. ఆ రోగం తెచ్చిన బూంది పలుకులు నా వేళ్ల మధ్య నుంచే పోయాయి.

మరునాడు ఊరికి పోవలసిన అవ్వ పోలేదు. కాయ ముదిరే కాలంలో తోటను పాలేరుకు వదిలేసి మా ఇంట్లో ఉండిపోయింది. లడ్డు డబ్బా అటక మీదికి ఎక్కింది. అమ్మకు అది మింగుడు పడలేదు. స్వామి ప్రసాదం వద్దంటే పాపం కాదా అని వాదించింది.

"ప్రసాదం నువ్వు తినుమే, ఎవురొద్దన్నారు? దీని కోసమని స్వామి చెట్లకు కాయించినాడు. అది దీని ప్రసాదం" అంది అవ్వ. ఏం పెట్టాలో ఎలా తెలుసని నాయన అడిగితే, "నా తోటలో ఏమేం పోయినాయో నాకు తెలీదా?" అని నవ్వింది.

సజ్జ కంకులు తెప్పించి పంజరానికి వేలాడగట్టింది. దోరజామకాయ, కాకరకాయ ముక్కలు, పచ్చిమిరపకాయ, మునగాకు రెమ్మలు పెట్టింది. కంకి కాస్త పైకి కడితే అందుకోవడానికైనా కదులుతుందని చెప్పేది. ఒక్కసారిగా మార్చలేదు. దానికి అలవాటైన అన్నం మెతుకుల్లోనే గింజలు కలిపి, మెతుకులు తగ్గిస్తూ వచ్చింది. పొద్దున, సాయంత్రం నీళ్లు మార్చేది.

చిలుక మాత్రం కంకి వంక చూసేది కాదు. గడపలో ఎవరి అడుగు చప్పుడైనా కమ్మీలు పట్టుకుని "గోవిందా! గోవిందా!" అని అరిచేది. అది మాకు రెండో దెబ్బ. భక్తి అని అందరం మురిసిన ఆ మాటకు దాని లెక్కలో అర్థం బూంది అని అప్పుడు తెలిసింది. అమ్మ చెవులు మూసుకుని వంటింట్లోకి పోయేది. వచ్చిన బంధువులు, "ముసిలామె నోరులేని జీవాన్ని మాడస్తా ఉండాది" అని గొణిగేవాళ్లు. ఆ కథ పుట్టింది అక్కడే. అవ్వకు అన్నీ వినబడేవి. వింటూనే పంజరానికి ఇంకో కంకి కట్టేది.

ఒకసారి నేను ఏడుస్తూ కొంచెం బూంది పెడతానన్నాను. ఆమె తిట్టలేదు. కంకి విరిచి నా చేతిలో పెట్టి, "నువ్వే పట్టుకో అబ్బోడా. నా చెయ్యంటే దానికి బెదురు. నీ చేతిని నమ్ముతాది" అంది. చెడగొట్టిన చేతినే ఆమె నమ్మడం నాకు వింతగా అనిపించింది. చెయ్యి తిమ్మిరెక్కే దాకా పట్టుకున్నాను. చిలుక దగ్గరికి వచ్చింది, అరిచింది, వెనక్కి పోయింది, మళ్లీ వచ్చింది. చివరికి ఒక గింజ లాగి, ముక్కులో తిప్పి ఒలిచింది. దాని పొట్టు నా మణికట్టు మీద రాలింది. అవ్వ నా తల నిమిరింది.

ఆ తర్వాత నెమ్మదిగా మార్పు వచ్చింది. కొత్త ఈకలు మొలిచాయి. పంజరం మీది నుంచి కిటికీకి, కిటికీ నుంచి దండెం మీదికి ఎగరసాగింది. వేపపండ్ల కాలం వచ్చేసరికి వాటి కోసం నా భుజం మీద వాలేది.

వానలు మొదలైన కొత్తలో ఒక పొద్దున, చిలుకల గుంపు ఒకటి మా మిద్దెల మీదుగా అరుస్తూ పోయింది. దండెం మీదున్న మా చిలుక తలెత్తి, నేనెప్పుడూ వినని గొంతుతో బదులు పలికింది. అది గోవిందా కాదు, మా ఇంట్లో నేర్చుకున్న మాట కాదు. రెక్కలు కొట్టుకుంటూ ఎదురింటి మిద్దె దాటి వెళ్లిపోయింది. ఒక్కసారైనా వెనక్కి చూస్తుందనుకున్నాను. చూడలేదు. అమ్మ జామకాయ ముక్క పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"రేపు నా తోటకే వచ్చి నా కాయలే కొరుకుతాది సూడు, దొంగది!" అంది అవ్వ. నవ్వుతూనే కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

మా బంధువుల కథలో తరిమేయడం అంటే ఇదే. అవ్వ తరమలేదు, పోగలిగేటట్టు చేసింది.

ఇప్పుడు నాకూ పిల్లలున్నారు. నేను పెట్టింది ఎవరైనా ఇష్టంగా తిని, ఇంకొంచెం కావాలని చెయ్యి చాస్తే అందరికీ కలిగే సంతోషం నాకు వెంటనే కలగదు. ముందు భయం వేస్తుంది. ఇది వాళ్ల ఒంటికి పట్టేదేనా, లేక వాళ్లు అడుగుతుంటే చూడటం నాకు బాగుందని పెడుతున్నానా అని ఒక్క క్షణం చెయ్యి ఆగుతుంది. ఆ క్షణం అవ్వ నాకు ఇచ్చి వెళ్లింది.