ఆస్మండ్ ఇంటి కింద చెక్కలు

ఫెయిర్‌బ్యాంక్స్‌లో ఆ ఏటి ఉత్తమ ఇంజనీరు ఎవరన్నది అందరికన్నా ముందు తెలిసేది ఆ మనిషి ఇంటి కుక్కకి. జనవరిలో ఒక సాయంత్రం ముగ్గురు మనుషులు ఒక కేకు పట్టుకుని, చెప్పాపెట్టకుండా వచ్చి తలుపు కొడతారు. ఎందుకొచ్చారో వాళ్లు చెప్పరు. ఎందుకొచ్చారని ఇంటివాళ్లు అడగరు. భోంచేసి, చలి గురించి నాలుగు మాటలు మాట్లాడి వెళ్లిపోతారు. ఫిబ్రవరిలో మా ఇంజనీర్ల అవార్డు విందులో పేరు చదివినప్పుడు ఆ మనిషి ఆశ్చర్యపోయినట్టు నటించాలి. మా ఇంజనీర్లకి నటన రాదు. అందుకే ఆ విందులో కడుపుబ్బ నవ్వించే ఘట్టం అదొక్కటే.

ఒక ఏడు మంచులో దారి తప్పి, వెళ్లాల్సిన ఇంటికి బదులు పక్కింటి పళ్ల డాక్టరు తలుపు కొట్టాం. ఆయన మమ్మల్ని ఎంతో ఆదరంగా కూచోబెట్టి, కేకులో సగం తానే తిని, ఎందుకొచ్చారని ఒక్క ముక్క అడగలేదు. ఊరి పద్ధతి ఆయనకీ తెలుసు మరి. ఇప్పటికీ నన్ను చూస్తే ఏదో రావలసింది రాలేదన్నట్టు చూస్తాడు.

ఆ ముగ్గురిలో నేనొకణ్ని. నా పేరు వెండెల్. ఊరి మురుగు గొట్టాలు గడ్డకట్టకుండా చూడటమే నా జీవితకాలపు ఉద్యోగం. మురుగు పారినంత కాలం నేనొకణ్ని ఉన్నానని ఎవరికీ గుర్తుండదు. ఆగిన రోజున మా ఇంటి ఫోను నంబరు ఊరందరికీ కంఠతా వచ్చేస్తుంది. ఇలాంటి వాడికి అవార్డివ్వడం కష్టం. వేదిక మీద పెద్ద బొమ్మ వేసి ఏం చూపిస్తారు? అందుకని నన్ను ఇచ్చేవాళ్లలో వేశారు. రెండోవాడు డెల్బర్ట్, కరెంటు ఇంజనీరు. వాడి నోటికి మాత్రం మీట లేదు. మూడో మనిషి మా పెద్ద, లెనోరా టకెట్, వంతెనలు కట్టే మనిషి. ఆవిడ ఒక దూలం వైపు చూస్తే ఆ దూలమే సర్దుకుని నిలబడుతుందని మాలో ఒక సామెత.

ఆ ఏడు మేము కేకు పట్టుకెళ్లింది ఆస్మండ్ ఫ్లాడెబో ఇంటికి.

ఆస్మండ్ పునాదుల మనిషి. ఇక్కడ నేలంటే మట్టి వేషం కట్టిన ఐసు. ఇంటి వేడి కిందికి దిగిందా, ఆ వేషం కరిగిపోతుంది, ఇల్లు బురదలో కూచుంటుంది. అందుకే ఇళ్లని స్తంభాల మీదికెత్తి, కింద చలిగాలి అటూ ఇటూ పోయేలా కడతాం. నదుల ఎగువన విమానం తప్ప మరే దారీ లేని పల్లెల్లో, నేలకి బెజ్జాలు వేసి, లోపలికి థర్మామీటర్లు దించి, బడికి స్తంభాలు ఎక్కడ దించాలో చెప్పడం ఆస్మండ్ పని. వెళ్లిన చోట వాతావరణం చెడి విమానం రాకపోతే, ఏ బడి కోసం వెళ్లాడో ఆ బడిలోనే పిల్లల బల్లల మీద పడుకునేవాడు. నిలువెత్తు మనిషి. కాళ్లు రెండో బల్ల మీదికి వచ్చేవి.

“నీ గొప్ప పనులేమిటో నాలుగు చెప్పరా, రాసుకోవాలి,” అని ఒకసారి అడిగాను.

“ఏమీ జరగలేదు,” అన్నాడు.

“అదేమిటి?”

“అదే నా గొప్ప. బడి కుంగలేదు. ఆస్పత్రి పగల్లేదు. నీళ్ల ట్యాంకు ఒరగలేదు. నేను బాగా పనిచేస్తే చెప్పుకోడానికేమీ ఉండదు వెండెల్. నీ మురుగులాగే.”

ఆ పోలిక నాకు నచ్చింది. కొంచెం గుచ్చుకుంది కూడా.

మే నెలలో అతను ఉద్యోగం నుంచి దిగిపోతున్నాడు. మా అవార్డు ఉద్యోగంలో ఉన్నవాళ్లకే. అంటే ఇదే ఆఖరి ఏడు. తనకేమీ పట్టనట్టే ఉండేవాడు గాని, అతని భార్య సిగ్నే మార్కెట్లో నా చెయ్యి పట్టుకుని, “ప్రతి ఫిబ్రవరికీ కొత్త టై కొంటాడయ్యా. పేరు పిలవకపోతే విప్పి పెట్టెలో పడేస్తాడు. పెట్టె నిండిపోయింది,” అంది. ఇంకో మాట కూడా చెప్పింది. ఆవిరిస్నానం గదిలో కూచుని, చేతిలో నీళ్ల గరిటె మైకులా పట్టుకుని, కృతజ్ఞతలు చెప్పడం అభ్యాసం చేస్తాడట. “అందులో నా పేరు చివర్న వస్తుంది. అక్కడికొచ్చేసరికి వేడికి తాళలేక బయటికొచ్చేస్తాడు. ఇంతవరకూ నాకు కృతజ్ఞత చెప్పనేలేదు.”

మా పద్ధతిలో ఒక చిక్కుంది. కేకు పట్టుకెళితే మాట ఖాయమైనట్టే లెక్క. కాని ముగ్గురూ ఔననాలి. ఆ ఇంటి వాకిలి దాటి బయటికొచ్చేదాకా ఎవరైనా వెనక్కి తగ్గొచ్చు. ఎన్నడూ ఎవరూ తగ్గలేదు గనక ఆ సంగతి మరిచిపోయాం.

తలుపు తీసిన ఆస్మండ్ కేకు చూశాడు, మమ్మల్ని చూశాడు. అతని చెవులు రెండూ ఎర్రబడ్డాయి. “ఇవాళ చలి ఎక్కువే,” అన్నాడు.

“సున్నాకి నలభై కింద,” అంది లెనోరా.

“ఔను, నలభై కింద,” అన్నాడు డెల్బర్ట్.

ఆ ఇల్లు ఒరిగిందని ఊళ్లో అందరికీ తెలుసు. నేల విషయంలో అంత తెలిసినవాడి ఇల్లే ఒరగడం అందరికీ కొంచెం హాయిగా కూడా ఉండేది. కాని లోపలికి వెళ్లి కూచుంటే గాని ఆ ఒరుగుడు సంగతి పూర్తిగా అర్థం కాదు. గోడకి తగిలించిన బొమ్మలన్నీ వంకరగా ఉన్నాయనుకున్నాను. తీరా చూస్తే బొమ్మలు నిటారుగా ఉన్నాయి, గోడలే వంకర. పొయ్యి కింద ఒక పక్క రాతి బిళ్లలు. మంచానికి రెండు కాళ్లు పొట్టి, రెండు పొడుగు. భోజనాల బల్ల కాళ్ల కింద రకరకాల మందాల చెక్కముక్కలు. ఆస్మండ్ బల్ల మీద రసమట్టం పెట్టి చూపించాడు. లోపలి బుడగ సరిగ్గా నడిమధ్య నిలబడింది.

“ఊరికి ఉపకారి, ఆలికి అపకారి అంటే ఈయనే,” అంది సిగ్నే, మూస్ దుప్పి మాంసం పులుసు వడ్డిస్తూ. “బల్ల ఒక్కటీ మట్టంగా ఉంటే చాలు, పెళ్లాం గోడ పట్టుకు నడిచినా ఫర్వాలేదు.”

“నీకు ఎక్కడం దిగడం అలవాటవుతుందని,” అన్నాడు ఆస్మండ్. “డాక్టరు వ్యాయామం చెయ్యమన్నాడు కదా.”

డెల్బర్ట్ పడీపడీ నవ్వాడు. ఆ ఊపుకి అతని కుర్చీ మెల్లిగా గోడవైపు జారింది. బల్ల చివర సిగ్నే తల్లి హుల్డా కూచుంది. తొంభైకి దగ్గరపడ్డ ముసలావిడ. అందరికన్నా ఎత్తు కుర్చీ ఆవిడదే. వినబడనట్టు తలొంచుకుని పులుసు తాగుతోంది.

లెనోరా మాత్రం నవ్వలేదు. చెంచా కింద పెట్టి, పాదంతో నేలని రెండుసార్లు నొక్కి చూసింది.

“నేల వెచ్చగా ఉందే, ఆస్మండ్.”

“ఆ. ఉంటుంది.”

“నలభై కింద చలిలో స్తంభాల మీది ఇంటికి నేల వెచ్చగా ఎలా ఉంటుంది?”

అతను బ్రెడ్డు ముక్కని ఇంకాస్త చిన్న ముక్కలు చేశాడు. లెనోరా లేచి కోటు వేసుకుంది. ఆవిడ లేచాక మేం కూచుంటే బాగుండదు. టార్చిలైటు పట్టుకుని నలుగురం పెరట్లోకి వెళ్లాం. ఇంటి కింద చుట్టూతా, మట్టి నుంచి నేలపలకల దాకా, సందు లేకుండా చెక్కలు కొట్టి ఉన్నాయి. పైన మంచు కప్పేసి, దారిన పోయేవాళ్లకి ఒక పొడవాటి దిబ్బలా కనబడేది. ఇన్నేళ్లూ నేనూ దాన్ని దిబ్బనే అనుకున్నాను. లెనోరా ఒక మూల వదులుగా ఉన్న చెక్క లాగి, లోపలికి చెయ్యి పెట్టింది. చేతొడుగుకి తడి మట్టి అంటింది. నలభై కింద చలిలో తడి మట్టి!

“ఇవి ఎవరు కొట్టారు?”

“నేనే.”

“‘ఇంటి కింద గాలిని మూసినవాడి చేతికి సుత్తి ఇవ్వకండి’ అని మాకు పాఠం చెప్పిందెవరు?”

“అదీ నేనే.” అతని ఊపిరి తెల్లగా ముఖం చుట్టూ ఆగిపోయింది. “మా అత్తగారు మా దగ్గరికి వచ్చిన ఏడు పాదాలు గడ్డకడుతున్నాయంది. సిగ్నే ఏడ్చింది. లోపల్నించి ఎంత చేసినా నేల వేడెక్కలేదు. ఒక్క చలికాలానికని కొట్టాను. వేసవిలో తీసేద్దామనుకున్నా. వేసవిలో పల్లెల్లో బడులు... తరవాత చలికాలం వచ్చింది. ఆవిడ పాదాలు అక్కడే ఉన్నాయి.”

లెనోరా చేతొడుగు మంచుకేసి తుడుచుకుంది. తరవాత మామూలు గొంతుతోనే చెప్పింది. “ఈ చలికాలం తెరిస్తే కింది నేల మళ్లీ గడ్డకడుతుంది, ఇల్లు బతుకుతుంది. తెరవకపోతే ఇంకో వేసవికి ఆ మూల స్తంభం విరుగుతుంది. నువ్వు లెక్కవేసే ఉంటావు.”

“వేశాను.”

“తన ఇల్లు కరుగుతోందని తెలిసి తెలిసి ఊరుకున్నవాణ్ని నిలబెట్టి, పునాదులు వేసేవాళ్లందరికీ ఇతనే ఆదర్శం అని నేను చదవలేను. చెక్కలు తీసెయ్యి. ఇప్పుడే ఒక్క పక్కైనా తీసెయ్యి, నేను ఔనంటాను. లేదా, కేకు బాగుందని చెప్పి వెళ్లిపోతాను.”

డెల్బర్ట్ నోరు తెరిచి, మొదటిసారి ఏమీ అనకుండా మూశాడు. నేను బూట్ల వైపు చూసుకున్నాను. ఇలాంటి చోట్ల నేనెప్పుడూ చేసే పని అదే.

ఆస్మండ్ ఇంటి వైపు చూశాడు. వంటింటి కిటికీలో హుల్డా తల కనబడుతోంది.

“తియ్యను,” అన్నాడు. “తొంభై ఏళ్ల మనిషి. రాత్రికి ఇంట్లో నేల ఐసవుతుంది. మార్చిలో కాస్త చలి తగ్గాక తీస్తా.”

“మార్చిలో తీస్తే నేలకేం లాభం? చలి అయిపోతుంది. విందూ అయిపోతుంది.”

“తెలుసు లెనోరా. నీకు పాఠం చెప్పింది నేనే కదా.” నవ్వబోయాడు గాని మీసం మీది మంచు పడనివ్వలేదు. “పోనీలే. టైలు పెట్టడానికి ఇంకో పెట్టె కొనుక్కుంటాను.”

లోపలికి వచ్చాం. కోట్లు విప్పుతుంటే మా ముఖాలు చూసి సిగ్నేకి అర్థమైంది. ఏమీ అడక్కుండా కేకు కత్తి తీసి, మళ్లీ లోపల పెట్టేసింది. డెల్బర్ట్‌కి నోటి అదుపు మళ్లీ తప్పింది. “చెక్కలమ్మా, కింద చెక్కలు! మీ అమ్మ పాదాల కోసమట. ఆవిడ పాదాల కోసం అవార్డు వద్దంటున్నాడు!” అనేశాడు.

హుల్డా పులుసు గిన్నె మీంచి తలెత్తింది. వినబడదనుకున్న మనిషి.

“ఎవరి పాదాలు?”

“మీవేనమ్మా,” అన్నాడు ఆస్మండ్.

“నా పాదాలకి చెక్కలేమిటి?”

అల్లుడు విడమరిచి చెప్పాడు. ఇంటి కింద గాలి, నేల, వేడి, అన్నీ. పల్లెలో బడి పెద్దలకి చెప్పినట్టే ఓపిగ్గా చెప్పాడు. ఆవిడ మొత్తం విని కూతురి వైపు తిరిగింది.

“నేను మేజోళ్లు అడిగాను కదే?”

సిగ్నే మొగుడి వైపు చూసింది.

“ఉన్ని మేజోళ్లు, మందంగా ఉండేవి, రెండు జతలు తెమ్మని ఇతనితోనే చెప్పాను. సరేనమ్మా అని వెళ్లి సుత్తి పట్టుకొచ్చాడు. వారం రోజులు ఇంటి కింద టకటకా టకటకా. కుక్కల కోసమేమో అనుకున్నాను. మేజోళ్లు తర్వాత నేనే అల్లుకున్నాను.” పాదం ఎత్తి చూపించింది. ఎర్రటి మేజోడు, మోకాలి దాకా. “ఈ వేడికి చెమట పట్టి చస్తున్నా. అల్లుడు కష్టపడి ఏదో చేశాడు కదా, ఏమన్నా అంటే బాధపడతాడని ఊరుకున్నా.”

సిగ్నే ఏప్రన్‌తో ముఖం కప్పుకుంది. నవ్వో ఏడుపో తెలియలేదు. భుజాలు మాత్రం కదులుతున్నాయి. ఆస్మండ్ నోరు తెరుచుకుని ఆ ఎర్ర మేజోడుని చూస్తున్నాడు. నదుల పొడవునా నేల లోపలి చలిని వేలి కొలతల్లో చెప్పగలిగినవాడు, ఇంట్లో ఒక పాదాన్ని ముట్టుకు చూడలేదు. నవ్వుదామనుకున్నాను. కాని మేమంతా అదే జాతి. మా ఆవిడ ఒకసారి కళ్లజోడు కనబడట్లేదంటే నేను దీపం మార్చాను.

“ఇంకా నిలబడ్డారేం?” అంది హుల్డా. “పీకండి ఆ చెక్కలు!”

పీకాం. మంచి బట్టల్లో, నలభై కింద చలిలో, టార్చి వెలుగులో నలుగురు ఇంజనీర్లం. మేకులు చలికి పెళుసుబారి, లాగితే తలలు ఊడి వచ్చాయి. డెల్బర్ట్ పని చెయ్యకుండా పనెలా చెయ్యాలో చెప్పాడు. నేను ఒక చెక్కని కాలితో తన్ని వెల్లకిలా పడ్డాను. ఆ సాయంత్రం నా సాంకేతిక సహకారమంతా అదే. గాలివాటు పక్క చెక్కలన్నీ ఊడాక చలి ఇంటి కిందికి దూరింది. లోపలి తడి మట్టి మీంచి ఆవిరి లేచింది. లెనోరా వంగి, చేతొడుగు విప్పి, ఆ గాలికి వేళ్లు అడ్డం పెట్టి చూసింది. వేళ్లు గభాలున వెనక్కి తీసుకుంది.

“ఇది పూర్తిగా గట్టిపడటానికి ఇంకా చలికాలాలు కావాలి,” అంది.

“ఔను,” అన్నాడు ఆస్మండ్.

“విందు మాత్రం ఫిబ్రవరిలోనే.” చేతొడుగు తొడుక్కుంది. “మంచి టై వేసుకుని రా. ఆశ్చర్యపోవడం కూడా కాస్త అభ్యాసం చెయ్యి. పోయినేడు అవార్డొచ్చినవాడు మరీ ఘోరంగా చేశాడు.”

ఆస్మండ్ ఊడదీసిన చెక్కలన్నీ ఏరి వరసగా పేర్చడం మొదలుపెట్టాడు. పొడుగువి ఒకవైపు, పొట్టివి ఒకవైపు. ఎవరూ ఆపలేదు. అయ్యాక అందరం లోపలికి వచ్చాం. గడప దగ్గర అతను ఆగి కళ్లజోడు తుడుచుకుంటున్నాడు. తలుపు బార్లా తెరిచి ఉంది.

“ఇచ్చారా లేదా?” అంది హుల్డా, బల్ల దగ్గర్నుంచి.

“ఇచ్చారమ్మా,” అన్నాడు ఆస్మండ్.

“మంచిది. ఆ తలుపెయ్యి ఇంక, చలొస్తోంది.”