బెంగళూరు–ఢిల్లీ: ఫోన్ చెప్పని ఎనిమిది గంటలు

ధర్మవరంలో మా నాయన నలభై ఏళ్లు పట్టుచీరలు నేశాడు. ఒక్కదాని మీదా ఆయన పేరు లేదు, అన్నీ షాపుల పేర్లతోనే అమ్ముడుపోయాయి. ఈసారి ఢిల్లీలో జరిగే చేనేత పోటీకి మాత్రం నేసినవాళ్లే వచ్చి, తమ పేరుతో చీర ఇవ్వాలన్నారు. గడువు సాయంత్రం ఐదు. చూపు తగ్గుతోంది కాబట్టి ఇదే తన ఆఖరి చీర అని నాయన ముందే చెప్పేశాడు. అందుకే బయల్దేరాం.

నేను బడిలో లెక్కలు చెబుతాను. దూరం, కాలం, వేగం పిల్లల చేత వల్లె వేయించే మనిషిని. బెంగళూరు నుంచి ఢిల్లీకి ఆకాశంలో దాదాపు పదిహేడు వందల కిలోమీటర్లు, రెండు గంటల నలభై ఐదు నిమిషాలు అని ఫోన్ చూపించింది. గడువుకు ముందురోజు విమానానికి టికెట్లు కొన్నాను. ఆ రోజు అమావాస్య అని చూసుకోలేదు. మగ్గాలింట్లో పుట్టి అమావాస్య మరిచిపోయినదాన్ని ఏమనాలి? నేత అయిపోయింది, మగ్గం మీంచి చీర కోయడమే తరువాయి. నాయన మగ్గం మీద గుడ్డ కప్పి కూర్చున్నాడు.

"అమావాస్య నాడు మగ్గం ముట్టేది లేదమ్మా. రేపు తెల్లారి కోస్తా."

నాకు ఒళ్లు మండింది. అయినా మర్నాడు ఒంటిగంట విమానానికి టికెట్లు మార్చి, నాలుగు లోపు దిగుతాం, ఇంకో గంటలో పోటీ జరిగే చోట ఉంటాం అని లెక్క కట్టాను.

తెల్లవారి చీర కోసుకుని ఆరున్నరకు ఇల్లు దాటాం. హిందూపురానికి రైల్లో తలా వంద లోపే. పెనుకొండలో టీ తాగేటప్పుడు కూడా నాయన ఒళ్లోంచి చీర సంచి దించలేదు. హిందూపురంలో ఇడ్లీ తిని, మూడు వేలకు కారు మాట్లాడుకున్నాం. డ్రైవర్‌ది ఆ పక్కనే పరిగి.

"యాడికి పోతాండారు పెద్దాయనా?"

"ఢిల్లీకప్పా. నా పేరు మీద చీర ఇయ్యల్ల."

పదకొండున్నరకు ఎయిర్‌పోర్టులో ఉన్నాం. విమానం చెప్పిన టైముకే లేచి, చెప్పిన టైముకే దిగింది. తప్పంతా నాదే. గుంతమగ్గంలో కాళ్లు పెట్టుకుని నలభై ఏళ్లు కూర్చున్న మోకాళ్లు నా లెక్కలో లేవు. విమానం దగ్గర్నుంచి బయటి గేటుకు రావడానికే ముప్పావు గంట పట్టింది. ప్రతి స్తంభం దగ్గరా ఆగాడు. తర్వాత ట్యాక్సీ, ట్రాఫిక్. అక్కడికి చేరేసరికి ఐదూ ముప్పై ఐదు. బల్ల దగ్గరి మనిషి మర్యాదగానే చెప్పాడు, రిజిస్టర్ మూసేశామని. చీర మడత కూడా విప్పలేదు.

"మూడు గంటల్లో ఢిల్లీకి వచ్చినామే. ఆలస్యం యాడ అయిందమ్మా?" అని అడిగాడు నాయన, మెట్ల మీద కూర్చుని. ట్రాఫిక్ అన్నాను.

ఆ చీర పోయిన వారం మా ఊళ్లోనే ఒక షాపుకి అమ్మేశాం. మొన్న ఆ దారిన వెళ్తుంటే అద్దంలో కనబడింది, కొంగుకు షాపు పేరున్న స్టిక్కర్‌తో. నాయనకు చెప్పలేదు.

మీరు వెళ్లేటప్పుడు ఫోన్ చూపించే సమయాన్ని నమ్మకండి. మాకు గడప నుంచి గడపకు పదకొండు గంటలు పట్టింది. పెద్దవాళ్లు వెంట ఉంటే టికెట్ కొనేటప్పుడే వీల్‌చైర్ అడగండి, దానికి డబ్బులేమీ తీసుకోరు. నేను అడగలేదు.