కాలర్ మాస్టారి కుడికాలు

మా ఆయన్ని బజారులో అందరూ కాలర్ మాస్టారు అనేవారు. చొక్కా వెలిసి చిరిగినా ఆయన కుట్టిన కాలర్ మాత్రం మెడ మీద నిలబడే ఉండేది. ముప్పై ఏళ్ళు ఒకే ఇరుకు గదిలో, ఒకే కుట్టుమిషన్ ముందు కూర్చున్నారు. కూర్చోగానే చెప్పులు విప్పేసేవారు. వట్టి కాలితో తొక్కితేనే మిషన్ వేగం తెలుస్తుందట.

షుగర్ వచ్చిన పన్నెండేళ్ళకి పాదాలు మొద్దుబారాయి. ఆసుపత్రిలో ఒక నర్సమ్మ షుగర్ రోగులందరినీ బల్ల మీద వరసగా కూర్చోబెట్టి కాళ్ళ గురించి చెప్పేది. ఈయన్ని కళ్ళు మూసుకోమని, అరికాలి మీద దారంలాంటిదేదో ఆనించి, "తెలుస్తోందా మాస్టారూ?" అని అడిగింది.

"ముందు మొదలుపెట్టండమ్మా, చెప్తాను," అన్నారు ఈయన.

అప్పటికి ఆమె నాలుగుచోట్ల ఆనించింది.

పక్కనున్నవాళ్ళు నవ్వారు, ఆమె నవ్వలేదు. "మీ కాలికి ఏమైనా అది మీకు చెప్పదు. రోజూ కడిగి, వేళ్ళ సందులు తుడిచి, అరికాలు చూడాలి. వట్టి కాళ్ళతో నేల మీద అడుగు పెట్టొద్దు. మీరా వంగలేరు. మరి ఎవరు చూస్తారు?"

"నేను చూస్తానమ్మా," అన్నాను.

ఇవన్నీ అచ్చువేసిన దళసరి కాగితం ఒకటి ఇచ్చింది. నాది కూడబలుక్కునే చదువు. కాగితం ఆయనే మడిచి జేబులో పెట్టుకున్నారు.

నాలుగు నెలలు రోజూ సాయంత్రం ఆయన పాదాలు ఒళ్ళో పెట్టుకుని చూశాను.

"పెళ్ళినాడు నా మొహం కూడా ఇంతసేపు చూడలేదు కదే!" అనేవారు.

"చూసుంటే చేసుకునేదాన్నా?" అనేదాన్ని.

ఒకసారి పని ఎక్కువై రెండు రోజులు నాకు కాలు చిక్కనివ్వలేదు. మూడోరోజు మధ్యాహ్నం అన్నం తీసుకుని కొట్టుకి వెళ్ళాను. నేలనిండా గుడ్డముక్కలు, వాటి మధ్య గుండుసూదులు, ఆ మధ్యలో ఆయన వట్టి పాదాలు. అక్కడే చతికిలబడి కాలు పట్టుకున్నాను.

కొలతలకొచ్చిన పెద్దమనిషి ఊరుకోలేదు. "మాస్టారూ, ఏం తప్పు చేసిందో ఏమో, క్షమించి వదిలేయండి!"

కొట్టంతా గొల్లుమంది. ఆయన కాలు విసురుగా లాక్కున్నారు. "పదిమందిలో పరువు తీస్తావా? నా కాళ్ళు నా ఇష్టం. పో ఇంటికి!"

"ఇక మీ కాళ్ళ జోలికొస్తే ఒట్టు," అని వచ్చేశాను.

మనిషికి అన్నం పెట్టాను, బట్టలుతికాను, మందులందించాను. కాళ్ళు మాత్రం చూడలేదు. ఆయనే పిలవాలనుకున్నాను. నేనే రావాలని ఆయన అనుకున్నారేమో. తొమ్మిది రోజులు అలాగే గడిచాయి.

పదోరోజు గడప మీద తడి మరక కనిపించింది. తుడిస్తే వాసనేసింది. ఆయన వద్దంటున్నా కుడికాలు ఎత్తి చూశాను. బొటనవేలి కింద నల్లగా పొంగి ఉంది, మధ్యలో గుండుసూది తల. ఆ సూదితోనే ఎన్ని రోజులు మిషన్ తొక్కారో.

"నొప్పే లేదు కదే," అన్నారు, అదేదో మంచి కబురన్నట్టు.

నర్సమ్మ ఆ కాలు చూసి, తర్వాత నన్ను చూసింది. "చూస్తానన్నారు కదమ్మా," అంది. అంతే అంది.

ముందు వేలు తీశారు. తర్వాత మోకాలి కింద దాకా తీశారు. విషం అప్పటికే పైకి పాకింది. నెల తిరక్కుండా మనిషే పోయారు. పలకరించడానికొచ్చినవాళ్ళు తలరాత అన్నారు. రాత కాదు పాడు కాదు. ఆయనకి పరువు, నాకు పంతం.

మొన్న మిషన్ కొనడానికి ఒకావిడ వచ్చింది. కుట్టి చూస్తానని కూర్చుని చెప్పులు విప్పింది.

"చెప్పులేసుకోమ్మా, కింద సూదులుంటాయి," అన్నాను.

"చెప్పుంటే వేగం తెలీదక్కయ్యా, కాలికి తెలియాలి," అంది.

మిషన్ ఇచ్చేశాను, కత్తెర ఇచ్చేశాను. మేకుకు వేలాడుతున్న కాలర్ నమూనాల కట్ట కూడా ఇవ్వబోతే అందులో ఒకటి వెనకవైపు అచ్చు కనబడింది. నర్సమ్మ ఇచ్చిన దళసరి కాగితం. పనికొచ్చే కాగితమని కాలర్ కొలతకి కోసుకున్నారు.

కూడబలుక్కుని చదివాను. 'ప్రతిరోజూ అరికా' అన్నదాకా ఉంది. అక్కడ కత్తెర తిరిగింది. అంచు ఎంత నున్నగా ఉందో, చేయి ఎక్కడా వణకలేదు.